బొమ్మల విలాసాలు

తీర్థయాత్రల సంగతులూ, ఊరగాయల పాళ్ళూ, పెళ్ళి సంబంధాల ప్రకటనలూ వచ్చే ఈ పత్రికలో ఆఫీసు గుమాస్తాల గోడు ఎవరికి కావాలని మొదట అనుకున్నాము. అయితే పోయిన ఉగాది సమావేశంలో, భోజనాల వరుసలో మా ఎదుట కూర్చున్న పెద్దలొకరు, "ఏమయ్యా, మీ కంప్యూటరు ఆఫీసులో మెట్రిక్ చదివినవారికి ఏం పని ఉంటుంది? ఫ్యాను కింద కూర్చోవడమేనా?" అని అడిగినారు. నలుగురిలో సరియైన జవాబు తోచక నవ్వి ఊరుకున్నాము. ఆ జవాబే ఇప్పుడు రాస్తున్నాము. కాస్త పొడుగైతే పెద్దలు మన్నించాలి.

మేము అనగా ఇద్దరం. ఒకరి ముత్తాత చిత్తూరు వైపు నుంచి కోలారు బంగారు గనులలో కూలికి వచ్చి అక్కడే ఉండిపోయినాడు. మరొకరిది బళ్ళారి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఆఫీసులో ఈ రెండూ కలిపి నూరిన ఇంగ్లీషు. బెంగుళూరులో ఒకే బల్లకు ఇటొకరూ అటొకరూ కూర్చుని పదహారేళ్ళయినది. ఒకరు సెలవు పెడితే రెండోవారికి టీ సహించదు. కనుక ఈ వ్యాసంలో ఏ తప్పు ఎవరిదని విడదీసి చెప్పము. ఇద్దరమూ చేసినాము.

మా కంపెనీ సొంతంగా సాఫ్ట్‌వేరు తయారు చేయదు. ఇతరులు తయారు చేసిన దానిని పరీక్షించి, ఇక్కడ పగులున్నది, అక్కడ కారుతున్నది అని చెప్పడం దాని వృత్తి. పరీక్షించేవారు ఇంజనీర్లు. పరీక్షల కాగితాలు సర్దేది మేము. కాగితాలంటే నిజం కాగితాలు కావు; అన్నీ తెరమీదనే. అయినా అలవాటు చొప్పున దస్త్రాలనే అంటాము. ఏ పరీక్షకు ఏ నంబరు, ఏ మెట్టు తరువాత ఏ మెట్టు, ఏ బొమ్మ ఎక్కడ ఉండాలి, పాతది ఏది, కొత్తది ఏది, ఇదంతా మా పూచీ. ఇట్లాంటి దస్త్రాలు ఎట్లా ఉండాలో అమెరికా ఇంజనీర్ల సంఘం వారు 1983లోనే 829 అనే నంబరుతో ఒక ప్రమాణం రాసిపెట్టినారు. 2013లో 29119 అనే అంతర్జాతీయ ప్రమాణం దాని స్థానంలోకి వచ్చినది. మేము రెండూ చదవలేదు. మాకు మా మేనేజరుగారు చెప్పినదే ప్రమాణం.

దస్త్రంలో ఒక మెట్టు ఇట్లా ఉంటుంది: "ఫలానా మీట నొక్కుము. తెర ఈ కింది పటంలో చూపినట్లు ఉండవలెను." కింద ఒక పటం. పరీక్షించే మనిషి మీట నొక్కి, తెర చూచి, పటం చూచి, రెండూ ఒకటిగా ఉంటే రైటు కొట్టాలి. లేకపోతే ఇంటూ పెట్టాలి. మాటలలో ఎంత రాసినా పటం చెప్పినంత చెప్పలేము. ముఖ్యంగా అప్పుడు మా చేతిలో ఉన్న పని ఆసుపత్రి లాబొరేటరీల రిపోర్టులకు సంబంధించినది. రక్తంలో చక్కెర హద్దు మీరితే ఆ అంకె ఎర్రగా పడాలి. మీరకపోతే నల్లగా పడాలి. ఎరుపు ఎక్కడ, నలుపు ఎక్కడ అని చూపేది ఆ పటమే.

2024 జూన్ నెలాఖరున తుమకూరు వైపు నుంచి కొత్తగా పనికి చేరిన ఒక అమ్మాయి మా బల్ల దగ్గరకు వచ్చి నిలబడినది. ఉద్యోగంలో చేరి రెండు వారాలు కాలేదు. బెదురు బెదురుగా, "చిత్రానే ఇల్ల, సార్. యావుదక్కె హోలిస్లి?" అన్నది. పటమే లేదు, దేనితో పోల్చను అని. వెళ్ళి చూచినాము. పటం ఉండవలసిన చోట ఒక చిన్న పెట్టె, అందులో చిరిగిన కాగితం గుర్తు ఉన్నవి. పక్క మెట్టులోనూ అంతే. దస్త్రం తిరగేస్తే అక్కడక్కడ, పంటి వరుసలో సందుల మాదిరి, పటాలు లేవు.

మాకు గుండె జారినది దానికి కాదు. ఆ మెట్లకు ఎదురుగా అంతకు ముందు రెండు వారాలుగా రైటు గుర్తులు పడుతున్నవి. పటం లేని మెట్లు పందొమ్మిదింటికి మూడు వేర్వేరు చేతులు రైటు కొట్టినవి. దేనితో పోల్చి కొట్టినారని అడిగితే, ఒకరు "ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది గదా సార్" అన్నారు, ఒకరు "బొమ్మ నాకు గుర్తున్నది" అన్నారు, మూడోవారు ఏమీ అనలేదు. అడిగినది ఆ అమ్మాయి ఒక్కతే. కొత్తది గనుక, బొమ్మ గుర్తు లేదు గనుక అడిగినది.

ఇంతకూ బొమ్మలు ఎక్కడికి పోయినవి? ఇది చెప్పడానికి కాస్త వెనక్కు పోవాలి. తెరమీద పేజీలో బొమ్మ కనబడుతుంది గాని, బొమ్మ నిజానికి ఆ పేజీలో ఉండదు. దాని విలాసం మాత్రమే ఉంటుంది. శుభలేఖలో వధూవరుల ఫోటో అంటించకుండా, "ఫోటో ఫలానా వీధిలో ఫలానా స్టూడియోలో ఉన్నది, తెప్పించుకొనగలరు" అని అచ్చు వేసినట్లు. మనం పేజీ తెరిచినప్పుడు బ్రౌజరు అనే పనివాడు ఒక్కొక్క విలాసానికీ పరుగెత్తి బొమ్మ తెచ్చి అక్కడ అతికిస్తాడు. 1993 ఫిబ్రవరిలో మార్క్ ఆండ్రీసెన్ అనే అమెరికా యువకుడు ఈ పద్ధతిని ప్రతిపాదించినాడు. అప్పటినుంచి లోకమంతా ఇట్లాగే నడుస్తున్నది.

ఆ విలాసం హెచ్.టి.టి.పి. అనే నాలుగు అక్షరాలతో మొదలైతే బొమ్మ తెరిచిన కార్డు మాదిరి వస్తుంది. దారిలో ఎవరైనా చూడవచ్చు, మార్చనూ వచ్చు. చివర ఎస్. అనే అక్షరం చేరితే లక్క ముద్ర వేసిన కవరులో వస్తుంది. 1994లో నెట్‌స్కేప్ కంపెనీ వారు ఈ కవరు పద్ధతి తెచ్చినారు. చాలా కాలం ఆ లక్క ముద్రకు, అంటే సర్టిఫికెట్టుకు, ఏటా డబ్బు కట్టవలసి ఉండేది. అందుచేత చిన్నవాళ్ళు కార్డులతోనే సరిపెట్టుకున్నారు. 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ అందరికీ ఉచితంగా సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెట్టినది. ఆ తరువాత కవరు లేనివారిని అనుమానంగా చూడవలసిన కాలం వచ్చినది.

దారిలో మార్చడం ఏమిటి, ఎవరికి పని లేదా అని పాఠకులు అనవచ్చు. మేమూ అట్లాగే అన్నాము. కాని అదే 2015లో మన బెంగుళూరులోనే ఒక ప్రోగ్రామరు, తాను ఫోనులో తెరిచిన పేజీలలోకి ఫోను కంపెనీ దారిలో తమ సొంత కోడు చొప్పించి పంపుతున్నట్లు కనిపెట్టి బయటపెట్టినాడు. పెద్ద గొడవైనది. కార్డుగా వెళ్ళే పేజీ గనుకనే అది సాధ్యమైనది.

అసలు చిక్కు ఎక్కడ అంటే, కవరులో వచ్చిన పేజీలో కార్డు విలాసాల బొమ్మలు ఉండడం. శుభలేఖకు లక్క ముద్ర ఉన్నది, ఫోటో మాత్రం చేతులు మారుతూ వస్తున్నది. బ్రౌజర్లు మొదట చూచీచూడనట్లు పోయినవి. 2019 అక్టోబరులో గూగుల్ వారు, తమ క్రోమ్ ఇకమీదట ఇట్లాంటి బొమ్మలకు తానే ఎస్. తగిలించి అడుగుతుందనీ, ఆ విధంగా రాకపోతే బొమ్మ చూపదనీ ప్రకటించి, తరువాత విడతలుగా అమలు జరిపినారు. ఫైర్‌ఫాక్స్ వారు 2024 జూన్ 11న విడుదల చేసిన 127వ కూర్పులో అదే పని చేసినారు. మా ఆఫీసు పరీక్షల గదిలో అన్నీ ఫైర్‌ఫాక్సులే. జూన్ 11 తరువాత అవి ఒక్కొక్కటే కొత్త కూర్పుకు మారినవి. మారిన యంత్రంలో బొమ్మలు మాయమైనవి. క్రోమ్ వాడే మా ఖాతాదారులకు అంతకు ముందు ఎన్నాళ్ళనుంచి కనబడలేదో! వారూ అడగలేదు.

ఈ సంగతి మేనేజరుగారికి చెప్పినాము. ఆయన ఒక కుర్ర ఇంజనీరుకు అప్పగించినారు. అనంతపురం పిల్లవాడు, మంచివాడు, మమ్మల్ని అన్నా అన్నా అంటాడు. వచ్చి దస్త్రాల సంచి అంతా ఒక ప్రోగ్రాముతో వడపోసి, "మొత్తం 612 బొమ్మలు. ఎస్. లేని విలాసాలు 214. రెండు నిముషాల పని అన్నా" అన్నాడు. ఫైండ్ అండ్ రిప్లేస్ అనే మీట నొక్కి, దస్త్రాలన్నిటిలో ఎస్. లేని చోటల్లా ఎస్. చేర్చినాడు. మళ్ళీ వడపోసినాడు. "భద్రత లేని లింకులు: 0" అని వచ్చినది. రిపోర్టు కింద "సరిచూడబడినది" అని రాసి మా ముందు పెట్టినాడు. ఆనాడు శుక్రవారం, సాయంత్రం అయిదున్నర. మేము ఇద్దరమూ సంతకం చేసినాము.

సున్నా అంకె చూస్తే మనిషికి ఎంత హాయి కలుగుతుందో గుమాస్తా పని చేసినవారికి తెలుసు. బాకీ సున్నా, తేడా సున్నా, పెండింగు సున్నా. ఆ హాయిలో ఒక చిన్న సంగతి మాకు తట్టలేదు. బ్రౌజరు అప్పటికే తనంతట తాను ఎస్. తగిలించి అడుగుతున్నది. అట్లా అడిగినా రాని బొమ్మలే మాయమైనవి. మేము దస్త్రంలో ఎస్. రాసినంత మాత్రాన అవి కొత్తగా ఎట్లా వస్తవి? తాళం వేసి ఉన్న ఇంటి తలుపు ఒకరు తట్టి తిరిగిపోయిన తరువాత, మేమూ వెళ్ళి అదే తలుపు తట్టి, తట్టినట్లు సంతకం చేసి వచ్చినాము.

రెండు వారాలు పోయినవి. ఆ అమ్మాయి మళ్ళీ వచ్చినది. ఈసారి బెదురు తగ్గినది. పోయిన పటాలు రాలేదు సరిగదా, అంతకు ముందు బాగున్న గీతల పటాలు కూడా ఇప్పుడు పోయినవన్నది. అప్పుడు కూర్చున్నాము. 2024 జూలై 20, శనివారం. కుర్రవాడు ఊరికి వెళ్ళినాడు. టీ తెప్పించుకొని, 214 బొమ్మల పట్టిక అచ్చు తీసి, స్కేలు పెట్టి ఒక్కొక్కటే చూడడం మొదలుపెట్టినాము. ఒకరు తెరవడం, ఒకరు రాయడం.

మొదట గీతల పటాలు. ఎస్.వి.జి. అనే రకం బొమ్మల పైవరుసలో, డబ్ల్యూ త్రీ సంఘం వారి 2000 నాటి ఒక పేరు ఉంటుంది. అదీ హెచ్.టి.టి.పి. అనే మొదలవుతుంది. చూడబోతే విలాసమే. కాని విలాసం కాదు, పేరు మాత్రమే. బ్రౌజరు అక్కడికి పోదు, ఏమీ తెచ్చుకోదు. అక్షరం పొల్లుపోకుండా ఆ పేరు ఉన్నదా లేదా అని చూస్తుంది, అంతే. దానికి ఎస్. చేర్చితే ఇది మా కులగోత్రాలది కాదని బొమ్మను పక్కన పెడుతుంది. ఇది మాకు అర్థమయ్యేసరికి ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరం చూచి నవ్వుకున్నాము. మా ఇద్దరి ఇంటిపేర్లూ ఊళ్ళ పేర్లే. ఆ ఊళ్ళు మేమెన్నడూ చూడలేదు. మా తాతలూ చూడలేదు. ఇంటిపేరులో ఊరున్నదని ఆ ఊరికి ఉత్తరం వేస్తే మాకు చేరుతుందా? ఆ ఊరికి ప్రభుత్వం వారు పేరు మారిస్తే మేము ఇంటిపేరు మార్చుకుంటామా? కుర్రవాని మీట మా ఇంటిపేర్లు మార్చినది. ఎస్.లు తీసివేయగానే గీతల పటాలు లేచి కూర్చున్నవి.

తరువాత అసలు బొమ్మలు. 214లో 117 తెరుచుకోనే లేదు. వాటిలో 74 మా ఆఫీసు మూలలో, మంచినీళ్ళ క్యాను వెనుక ఉన్న ఒక పాత యంత్రంలో ఉన్నవి. దానికి లక్క ముద్ర ఎవరూ వేయలేదు. పైగా అది ఆఫీసు గోడల లోపలే పలుకుతుంది. అనగా ఆ 74 బొమ్మలూ ఖాతాదారులకు మొదటినుంచీ, ఏ బ్రౌజరులోనూ, ఒక్కనాడూ కనబడి ఉండవు. మాకు కనబడుతున్నవి గనుక అందరికీ కనబడుతున్నవనుకున్నాము. మిగిలిన 43 ఎవరో ఉచితంగా బొమ్మలు దాచిపెడతామని నడిపిన ఒక గిడ్డంగిలో ఉండేవి. ఆ గిడ్డంగి మూతపడినది. ఊరికే వచ్చిన చోటు ఊరికే పోయినది. అక్కడ పెట్టినదీ మేమే. అప్పట్లో స్థలం తక్కువ, పని తొందర.

తెరుచుకున్నవి 97. కుర్రవాని ప్రోగ్రాము వీటిని "200" అని గుర్తించినది. సర్వర్ల భాషలో 200 అంటే ఉన్నది, తీసుకోండి అని. 404 అంటే లేదు అని. 200 వచ్చినవి చూడనక్కరలేదు గదా, దాటిపోదామా అని ఒకరం అన్నాము. రెండోవారం కూడా సరే అనబోయినాము. టీ ఇంకా ఉన్నది గనుక కానిద్దామనుకున్నాము. అరవై ఏడో బొమ్మ తెరిస్తే రిపోర్టు తెర రాలేదు. ఎవరో మంచాలూ పరుపులూ అమ్మేవారి ప్రకటన వచ్చినది. తరువాతది తెరిస్తే అదే ప్రకటన. మొత్తం ఎనిమిది అట్లాంటివి. అవి ఉన్న విలాసం పాత యజమాని కిస్తీ కట్టక వదులుకున్నాడు. కొత్తవారెవరో కొనుక్కొని, ఏ బొమ్మ అడిగినా తమ ప్రకటన ఇస్తున్నారు. లక్క ముద్ర సవ్యంగా ఉన్నది, తాళం గుర్తు ఉన్నది, 200 అన్నది. దారిలో ఎవరూ మార్చలేదని ఆ ముద్ర పూచీ పడుతుంది. అవతల ఇంట్లో ఎవరున్నారని పూచీ పడదు. ఈ తాళం గుర్తును జనం తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే 2023 సెప్టెంబరులో క్రోమ్ వారు దానిని తీసి వేరే గుర్తు పెట్టినారు. మాకైతే ఆ సంగతి పరుపుల వారి ద్వారా తెలిసినది.

ఇంతవరకూ నవ్వుకోదగినదే. సోమవారం, జూలై 22న మిగిలినది బయటపడినది.

బొమ్మల విలాసాలే కాక, దస్త్రంలో మాటల మధ్య కూడా ఆ మీట ఎస్.లు చేర్చి ఉంటుందని మాకు అనుమానం కలిగి, పాత ప్రతి పక్కన పెట్టుకొని వరుస వరుస చదివినాము. నూట నలభై మూడో పరీక్ష దగ్గర ఆగినాము. పాత ప్రతిలో ఇట్లా ఉన్నది: "విలాసము ఎస్. లేకుండా టైపు చేయుము. తెర తనంతట తానే ఎస్. ఉన్న విలాసమునకు మారవలెను." రోగి గాని డాక్టరు గాని పొరపాటున కార్డు దారిలో వస్తే, ప్రోగ్రాము వారిని పట్టుకొని కవరు దారికి మళ్ళించాలి. లేకపోతే రక్తపరీక్ష ఫలితాలు, పేరూ వయస్సూ సహా, తెరిచిన కార్డు మీద పోతవి. అది చూచే పరీక్ష ఇది. ఆ పరీక్షలో ఎస్. లేకపోవడమే ప్రాణం. కొత్త ప్రతిలో: "విలాసము ఎస్.తో టైపు చేయుము. తెర ఎస్. ఉన్న విలాసమునకు మారవలెను." ఎస్.తో వెళితే ఎస్. వద్దనే ఉంటుంది. ఈ పరీక్ష ఇక ఎన్నడూ తప్పదు. తేదీ చూచినాము. మేము సంతకం చేసిన తరువాత వారంలో ఆ పరీక్ష జరిగినది. రైటు గుర్తు ఉన్నది.

పాత ప్రతి ప్రకారం ఆ అమ్మాయి చేత అక్కడికక్కడే చేయించినాము. ఎస్. లేకుండా టైపు చేసినది. తెర ఎక్కడికీ మారలేదు. కార్డు దారిలోనే లోపలికి వెళ్ళి, పేరూ రహస్యపదమూ అడుగుతూ నిలబడినది. ఖాతాదారులు జూన్‌లో తమ సర్వరు మార్చుకున్నారట. ఆ మార్పులో మళ్ళించే వరుస ఒకటి జారిపోయినది. ఆ కూర్పు ఆసుపత్రులకు పోవడానికి తొమ్మిది రోజులున్నది.

అప్పుడు మాకు ఎట్లా ఉన్నదో రాయడం కష్టం. కాళ్ళు చల్లబడినవి అంటే అతిశయోక్తి కాదు. మా ముందు రెండు దారులున్నవి. ఎస్. తీసివేసి, పరీక్ష మళ్ళీ చేయించి, "కొత్తగా కనుగొన్న లోపం" అని ఇంటూ పెట్టించవచ్చు. ఎవరికీ తెలియదు, పైగా మెచ్చుకుంటారు. ఈ ఆలోచన మాకు రాలేదని అబద్ధం రాయము. పది నిముషాలు దానిని గురించే మాట్లాడుకున్నాము, తెలుగులో, గొంతు తగ్గించి. ఆ అమ్మాయికి తెలుగు రాదనుకున్నాము. ఆమె మా వంకే చూస్తున్నది. తుమకూరు జిల్లాలో తెలుగు వచ్చినవారు తక్కువేమీ కాదని తరువాత గుర్తుకు వచ్చినది. ఈనాటికీ అడగలేదు.

మేనేజరుగారి గదికి ఇద్దరమూ వెళ్ళినాము. సంతకాలున్న రిపోర్టు ఆయన ముందు పెట్టి, జరిగినది జరిగినట్లు చెప్పినాము: పటం లేని పందొమ్మిది రైట్లూ, పరుపుల ప్రకటనా, నూట నలభై మూడూ. ఆయన, "చూడకుండా సంతకం చేసినారా?" అని ఒక్క మాట అడిగినారు. అవునన్నాము. చాలాసేపు కిటికీలోంచి చూచి, ఖాతాదారులకు ఫోను చేసినారు. ఏమన్నారో మాకు వినబడలేదు, తలుపు వేసుకున్నారు. విడుదల ఒక వారం వాయిదా పడినది. మళ్ళించే వరుసను వారు ఒక్క పూటలో సరిచేసుకున్నారు.

పటం లేకుండా రైటు పడిన పందొమ్మిదీ మళ్ళీ చేయించినాము. పదిహేడు నిజంగానే రైటు. రెండు తప్పినవి. ఒక దానిలో, రిపోర్టు రెండో పేజీకి పోయినప్పుడు హద్దు మీరిన అంకె ఎర్రగా కాక నల్లగా పడుతున్నది. "బొమ్మ నాకు గుర్తున్నది" అన్నవారు కొట్టిన రైటు అది. ఆయన మొదటి పేజీ బొమ్మ గుర్తుంచుకున్నారు.

ఆ సంవత్సరం మా ఇద్దరికీ జీతం పెరగలేదు. మీట నొక్కిన కుర్రవానికి పెరిగినది. ఇది అన్యాయమని మా ఇళ్ళలో ఆడవారు అన్నారు. మేము పైకి ఏమీ అనలేదు గాని, ఆ నెల కుర్రవాడు తెచ్చిన స్వీటు ఇద్దరమూ కాస్త తక్కువగా తిన్నాము. పాపం, వాడు ఊరినుంచి వచ్చి సంగతి విని రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. తరువాత తానే ఒక చిన్న ప్రోగ్రాము రాసి ఇచ్చినాడు. అది దేనినీ మార్చదు. బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా తెరమీద పరచి, పక్కన అవి ఏ మెట్టువో చూపి ఊరుకుంటుంది. చూచే పని మాది.

బొమ్మల మరమ్మతు సెప్టెంబరు దాకా సాగినది. ఎనభై తొమ్మిదింటికి ఎస్. చేర్చితే చాలినది. పరుపులవి ఎనిమిదీ తీసివేసి కొత్తగా పెట్టినాము. మూల యంత్రంలోని డెబ్భై నాలుగూ దించి, దస్త్రాల సంచిలోనే, దస్త్రం పక్కనే పెట్టినాము. ఇప్పుడు వాటికి పరాయి విలాసం లేదు. పేజీ ఎక్కడికి పోతే బొమ్మ దానితో పోతుంది. నిజానికి అన్నిటినీ మొదటినుంచీ అట్లాగే పెట్టవలసినది. మూతపడిన గిడ్డంగివి నలభై మూడింటిలో ఇరవై ఆరు పాత మెయిళ్ళలో దొరికినవి. 2011 నాటి ఒక మెయిలులో, బొమ్మతో పాటు, అప్పట్లో మాతో పని చేసి తరువాత చనిపోయిన మిత్రుడొకరు "అన్నా, పటం పారేయవద్దు, మళ్ళీ దొరకదు" అని రాసిన చీటీ ఉన్నది. ఆ బొమ్మ దస్త్రంలో పెట్టినాము. చీటీ మా దగ్గర ఉంచుకున్నాము. మిగిలిన పదిహేడూ ఆ అమ్మాయి పాత కూర్పు నడిపి కొత్తగా తీసినది.

ఇప్పుడు రిపోర్టులో "సరిచూడబడినది" అనే మాట లేదు. దాని బదులు ప్రతి బొమ్మకూ ఎదురుగా ఒక గడి, గడి పైన "చూచినవారు" అని ఉన్నది. ఎవరు కళ్ళతో చూస్తే వారు తేదీ వేసి పేరు పెట్టాలి. ఆ అమ్మాయి కన్నడంలో పెడుతుంది. మేము తెలుగులో పెడుతున్నాము. అన్నీ ఇంగ్లీషులోనే ఉండాలని మేనేజరుగారు మొదట అన్నారు. తరువాత పట్టిక ఒకసారి పైనుంచి కిందికి చూచి, ఉండనివ్వండి, ఎవరిది ఏదో తెలుస్తున్నది అన్నారు. పోయిన నెలలో మూడు వందల ఇరవై బొమ్మలు చూచినాము. వాటిలో ఒకటి తలకిందులుగా ఉన్నది.